బైపీసీ తరువాత సైకాలజీ: మూడేళ్ల డిగ్రీతో ఏమవుతుంది, ఏమి కాదు

పరకాల నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమె ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేశారు, రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు, ఇప్పుడు తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్‌లో సైకాలజీ ఉన్న డిగ్రీ కాంబినేషన్ పెట్టుకోవాలనుకుంటున్నారు. ఇంట్లో నాన్నగారు మాత్రం "ఆ సదువుకు కొలువు ఏడున్నది?" అంటున్నారట. డిగ్రీ కాగానే కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకోవచ్చా, హనుమకొండలో చదవాలా హైదరాబాద్ వెళ్లాలా, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదవడం అడ్డమవుతుందా అన్నవి ఆమె సందేహాలు.

ముందు సూటిగా చెబుతాను. సైకాలజీ తీసుకోండి, అది మంచి నిర్ణయమే. అయితే మూడేళ్ల డిగ్రీ మిమ్మల్ని సైకాలజిస్టును చేయదు, ఆ డిగ్రీతో సెంటర్ పెట్టకండి. చికిత్స చేసే వృత్తిలోకి రావాలంటే డిగ్రీ, పీజీ, ఆపైన పర్యవేక్షణలో శిక్షణ కలిపి సుమారు ఏడేళ్లు పడుతుందని ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పండి. తెలుగు మీడియం అడ్డం కాదు. చదవడానికి ఇంగ్లీషు కావాలి, ఈ పని చేయడానికి మాత్రం మన ప్రాంతపు తెలుగే కావాలి.

నేను హనుమకొండలో ఆరేళ్లు డిగ్రీ విద్యార్థులకు సైకాలజీ బోధించాను. ఆ తరువాత క్లినికల్ సైకాలజీలో శిక్షణ పొంది, పదిహేనేళ్లుగా వరంగల్, ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు నుంచి వచ్చేవారిని చూస్తున్నాను. కింద రాస్తున్నవి ఆ అనుభవంలోంచి వచ్చినవి.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఒకరే అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎం.డి. చేసిన డాక్టరు, మందులు రాసేది వారే. సైకాలజిస్టు మందులు రాయరు, మానసిక పరీక్షలు, అంచనా, మాటల ద్వారా చేసే చికిత్స వారి పని. మీరు నీట్ రాసినవారు కనుక, సైకాలజీ ద్వారా డాక్టరు కావచ్చన్న ఆశ మనసులో ఏ మూలనైనా ఉంటే దాన్ని ఇక్కడే పక్కన పెట్టండి. ఇది వేరే వృత్తి, దీని విలువ దీనికుంది. బైపీసీలో మీరు చదివిన నాడీ వ్యవస్థ, హార్మోన్ల పాఠాలు వృథా పోవు. ఆర్ట్స్ నుంచి వచ్చినవారు మెదడు పాఠం దగ్గర కష్టపడుతుంటే మీకు అది తేలికగా ఎక్కుతుంది.

క్లినికల్ సైకాలజిస్టు అన్న పేరుకు చట్టం హద్దు గీసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించిన సంస్థలో గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారు, లేదా సైకాలజీలో పీజీ తరువాత రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. శిక్షణ పూర్తిచేసినవారు. ఈ కౌన్సిల్ 1992 నాటి చట్టంతో ఏర్పడింది, అది నిర్వహించే కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్.ను రద్దు చేసిన తరువాత, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సుల్లో మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా ప్రవేశాలకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అనుమతినిచ్చింది. అంటే మీరు పీజీ దాటే నాటికి దారి పేరు మారి ఉంటుంది. కాబట్టి సీనియర్లు చెప్పిన పాత లెక్క నమ్మకుండా, ఏటా ఒకసారి కౌన్సిల్ వెబ్‌సైటులో ఏ కోర్సుకు, ఏ సంస్థకు ఆమోదం ఉందో మీరే చూసుకోండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని నిబంధనలను కూడా గమనిస్తూ ఉండాలి.

ఇదే సందర్భంలో మరొకటి. సైకాలజీని ఇక దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవాలని అనుకోకండి. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ సహా ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ పీజీ దూరవిద్యలో కట్టేద్దామని లెక్క వేసుకున్న పిల్లలు నా దగ్గరికే ముగ్గురు వచ్చారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు.

ఇంత శిక్షణ ఎందుకని మీకు అనిపించవచ్చు. మంచి మనసు, ఓపికగా వినే గుణం ఉంటే చాలదా అని నా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడిగేవారు. ఎందుకు చాలదో నాకు శిక్షణ మొదటి సంవత్సరంలోనే తెలిసివచ్చింది. కూతురి కాన్పుకు తోడుగా వచ్చి ఆసుపత్రిలో మూడు రోజులుగా ఉంటున్న ఒక కూలి తల్లిని నా దగ్గరికి పంపారు. చేతులు వణుకుతున్నాయి, రెండు రాత్రులుగా నిద్ర లేదు, చీర మీద ఏవో పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటోంది. బిడ్డ కాన్పు గురించిన ఆందోళన అనుకుని నేను ఆమె ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పుతున్నాను. అటుగా వచ్చిన పెద్ద డాక్టరు ఆమె చేతులు ఒక్కసారి చూసి, "కల్లు తాగక ఎన్నొద్దులాయెనమ్మా?" అని అడిగారు. "ఈడికొచ్చినకాన్నుంచి లేదు సారూ" అందామె. గంటలోపే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. అప్పటికే వార్డులో చేర్చారు కనుక ప్రాణానికి ముప్పు తప్పింది.

మన జిల్లాల్లో కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలపడం ఎంత పాత సమస్యో మీకు తెలుసు. రోజూ ఆ కల్తీ కల్లుకు అలవాటుపడిన శరీరానికి అది ఒక్కసారిగా అందకపోతే వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి. అది ఆందోళన వ్యాధి కాదు, అత్యవసర వైద్యం కావలసిన స్థితి. నా ఓపిక, నా మంచితనం ఆ రోజు ఆ తల్లికి ఏమీ చేయలేకపోయాయి, పైగా నేను ఊపిరి వ్యాయామంతో విలువైన సమయం పోగొట్టాను. శరీరంలో ఉన్న కారణాన్ని ముందుగా తోసిపుచ్చకుండా మనసు దగ్గరికి పోకూడదన్నది పుస్తకంలో ఒక వాక్యమే. అది మీ చేతికి రావాలంటే మాత్రం తప్పు చేస్తే పట్టుకునే పెద్దవారి పక్కన రెండేళ్లు నిలబడాలి. ఆ రెండేళ్లు లేకుండా బోర్డు పెట్టినవారి దగ్గర ఆ పెద్ద డాక్టరు ఉండరు.

ఇక తెలుగు మీడియం సంగతి. ఇది మీరు భయపడుతూ అడిగారు, నాకు మాత్రం ఎక్కువగా చెప్పాలనిపించేది దీని గురించే.

శిక్షణలో ఉన్నప్పుడు కుంగుబాటును అంచనా వేసే ఒక ప్రశ్నావళిని తెలుగులో చదివి వినిపించేవాళ్లం. "గత రెండు వారాలుగా మీరు నిరాశకు, నిస్పృహకు లోనవుతున్నారా?" అని నర్సంపేట వైపు నుంచి వచ్చిన అరవై ఏళ్లు దాటిన ఒక అవ్వను అడిగాను. ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తరువాతి ప్రశ్నకూ అంతే. మార్కులు కూడితే ఏ సమస్యా లేనట్టు వచ్చింది. గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, "ఏం రంది వెట్టుకున్నవే అవ్వా?" అని అడిగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పెద్ద కొడుకు దుబాయి పోయి ఫోన్ చేయకపోవడం, చిన్నవాడు మిర్చి పంటకు చేసిన అప్పు, తాను రాత్రిళ్లు గడప మీద కూర్చుని తెల్లవార్లూ మేలుకోవడం, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి.

రంది, మనాది, బుగులు. ఈ మూడు మాటలు నేను ఏ సైకాలజీ పుస్తకంలోనూ చూడలేదు, కానీ మన ప్రాంతంలో మనసు బాధ ఈ మాటల్లోనే బతుకుతుంది. రంది అంటే ఒకదాని గురించే లోపల తొలిచే దిగులు. మనాది పట్టుకున్న మనిషి తిండి తగ్గి, చిక్కి, మాట్లాడడం మానేస్తాడు. బుగులు అంటే గుండెల్లో గుబగుబలాడే భయం. ఇవి డిప్రెషన్, యాంగ్జైటీ అన్న మాటలకు సరిగ్గా సమానం కావు, అలా సమానమని రాసుకుంటే మళ్లీ తప్పు చేసినట్టే. చాలామంది అసలు మనసు గురించే ఎత్తరు. "పెయ్యంత మంటలు", "తలకాయంత దిమ్ముగున్నది", "గుండెల రాయి వెట్టినట్టున్నది" అంటారు. ఆ మాట వెనక ఏముందో వినగలిగే చెవి మీకు పుట్టుకతో వచ్చింది. నగరంలో ఇంగ్లీషు మీడియంలో చదివిన నా తోటివారు కొందరు దాన్ని కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది.

ములుగు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థి నాకు గుర్తున్నాడు. మొదటి సంవత్సరం ఇంగ్లీషు పాఠం అందక, మధ్యలో మానేస్తానని వచ్చాడు. పేజీని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు ఇంగ్లీషు పదం, కుడివైపు దానికి వాళ్ల నాయనమ్మ ఏమంటుందో రాసుకు రమ్మన్నాను. ఫోబియా ఎదురుగా ఒక మాట, గ్రీఫ్ ఎదురుగా నాలుగు మాటలు, అటెన్షన్ ఎదురుగా "సోయి" అని రాసుకువచ్చాడు. మూడేళ్లలో అలాంటివి రెండు లాంగ్ నోటుపుస్తకాలు నిండాయి. పీజీ చేసి ఇప్పుడు ఒక వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలరుగా ఉన్నాడు. మీరు కూడా మొదటి రోజు నుంచే ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. ఇంగ్లీషు కోసం రోజుకు పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు నిఘంటువు పెట్టుకుని చదివితే ఏడాదిలో భయం పోతుంది. పీజీ ప్రవేశ పరీక్ష, పరిశోధన వ్యాసాలు, అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ అన్నిటికీ ఇంగ్లీషు చదువరితనం తప్పనిసరి కనుక దీన్ని వాయిదా వేయకండి.

మన ప్రాంతం తెలిసినవారికే అర్థమయ్యే ఇంకొక విషయం ఉంది. మేడారం జాతరలో శిగమూగే, అంటే దేవత పూనినట్టు ఊగే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. అబ్నార్మల్ సైకాలజీ పేపరు మొదలుపెట్టగానే విద్యార్థులు దాన్ని రోగం కింద రాసేస్తారు. అది తప్పు. ఒక సమాజం తన ఆచారంలో, తన నమ్మకంలో భాగంగా అంగీకరించే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ కూడా రోగంగా లెక్కించదు. తన ఇష్టం లేకుండా, ఆచారపు సందర్భానికి బయట పదే పదే వచ్చి, ఇల్లు, పని, బతుకు దెబ్బతింటున్నప్పుడే అది మన దగ్గరికి రావలసిన విషయం. జాతర నుంచి ఇంటికి వచ్చి మామూలుగా వంట చేసుకుంటున్న తల్లికి మనం పేరు పెట్టనవసరం లేదు.

డిగ్రీ మూడేళ్లలో ఏం చేయాలన్నది మీరు నేరుగా అడగలేదు గానీ చెప్పాలి. ప్రాక్టికల్స్ మీరే చేయండి, రికార్డు కాపీ కొట్టకండి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం ఒకటి ఉంటుంది. బొమ్మ నేరుగా కనిపించకుండా అడ్డు పెట్టి, అద్దంలోని ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మొదట పెన్సిల్ వద్దన్న వైపే పోతుంది, మూల తిరగలేక చెయ్యి అక్కడే గిజగిజలాడుతుంది. ఒక చేత్తో చాలాసార్లు సాధన చేశాక, సాధన చేయని రెండో చెయ్యి కూడా మెరుగవుతుంది. నేర్చుకున్నది ఒక చేతి నుంచి మరో చేతికి బదిలీ అవుతుందన్న మాట. నేను చూసిన రికార్డుల్లో సగానికి పైగా గత ఏడాది అంకెలే ఉండేవి, సెకన్లతో సహా. మీరు మాత్రం మీ తమ్ముడిని కూర్చోబెట్టి చేయించండి, పక్కింటి పెద్దమ్మతో చేయించండి, వచ్చిన అంకె పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే రానట్టే రాయండి. ఎందుకు రాలేదో ఆలోచించిన ఆ సాయంత్రమే మీకు ఈ శాస్త్రం మొదలవుతుంది.

స్టాటిస్టిక్స్ చూసి బైపీసీ పిల్లలు బెదురుతారు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ పరీక్ష, కై వర్గ పరీక్ష, డిగ్రీలో ఉండేది దాదాపు ఇంతే. ఇది పరీక్ష గట్టెక్కడానికి చదివి మరిచిపోయే పేపరు కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసినప్పుడు, పెద్దవారిలో సుమారు 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మన జిల్లాల లెక్క రేపు ఎవరైనా తీయాలంటే, మన మాట తెలిసి, అంకెలు కూడా తెలిసిన మనిషి కావాలి.

ఒక హెచ్చరిక. స్నేహితుల మీద, చుట్టాల మీద ఇంటర్నెట్‌లో దొరికే ఐక్యూ పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు ప్రయోగించి ఫలితాలు చెప్పకండి. బినే-కామత్, భాటియా బ్యాటరీ వంటి తెలివిని కొలిచే పరీక్షల పేర్లు తరగతిలో వింటారు, వాటిని ఇవ్వడానికి, చదవడానికి శిక్షణ కావాలి. "మీ పిల్లవాడికి తెలివి తక్కువ" అన్న ఒక్క మాటతో బడి మాన్పించిన ఇల్లు నేను చూశాను, ఆ పిల్లవాడికి ఉన్నది వినికిడి లోపం.

మీ నాన్నగారి ప్రశ్నకు వస్తాను, అది న్యాయమైన ప్రశ్న. డిగ్రీతోనే వచ్చే ఉద్యోగాల్లో సైకాలజీకి ప్రత్యేకంగా ఉన్నవి తక్కువ, మిగతా డిగ్రీల వాళ్లతో కలిసి పోటీ పడాలి. పీజీ తరువాత దారులు పెరుగుతాయి. సీబీఎస్ఈ బడుల్లో కౌన్సెలరు ఉండాలన్న నిబంధన ఉంది. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో, వ్యసన విముక్తి కేంద్రాల్లో, పిల్లల సంరక్షణ విభాగాల్లో, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ (14416)లో కౌన్సెలర్లు పనిచేస్తున్నారు. ఇందులో చాలా కొలువులు కాంట్రాక్టువి, మొదటి జీతాలు చిన్నవి, ఆ మాట దాచను. నెట్ రాస్తే బోధన, పరిశోధన ఉంటాయి. మానవ వనరుల విభాగాలకు కొందరు వెళతారు. సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్‌గా ఉంది. టీచరు కావాలనుకుంటే టెట్‌లో 150 మార్కుల్లో 30 శిశు వికాసం, బోధనా పద్ధతులవే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని ఇష్టమైతే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు ఉన్నాయి. నా అభిప్రాయంలో మన జిల్లాల్లో మనుషుల కొరత అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆ రంగంలోనే.

బడి కౌన్సెలరు పని మీద చాలామంది అమ్మాయిలకు ఇష్టం ఉంటుంది కనుక ఒక మాట. ఏ పిల్లకూ "ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇవ్వకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "నీకు అపాయం ఉందనిపిస్తే తప్ప నువ్వు చెప్పింది బయటికి పోదు" అని మొదటి రోజే చెప్పడం అలవాటు చేసుకోవాలి.

హనుమకొండా హైదరాబాదా అన్నదానికి, డిగ్రీకి ఇల్లు వదలనవసరం లేదని నా ఉద్దేశం. హాస్టల్ ఖర్చు పీజీకి దాచుకోండి. బీఏనా బీఎస్సీనా అన్నది కూడా పీజీ ప్రవేశంలో పెద్ద తేడా తేదు. పీజీకి మాత్రం రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా ఉస్మానియా, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని హెల్త్ సైకాలజీ కేంద్రం లక్ష్యంగా పెట్టుకుని రెండో సంవత్సరం నుంచే చదవండి.

దోస్త్‌లో ఆప్షన్లు పెట్టడానికి ముందు, దగ్గరున్న కాలేజీలకు నాన్నగారిని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లిరండి. సైకాలజీ ల్యాబు చూపించమని అడగండి. బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో వెంటనే చెప్పగలిగి, అద్దం గీత పరికరం బయటికి తీసి చూపించిన కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టండి. తాళం చెవి దొరకని చోట, సైకాలజీ అధ్యాపకులు రెగ్యులర్‌గా ఉన్నారో లేదో రెండో ఏడాది పిల్లలను విడిగా అడిగి తెలుసుకోండి. ఏయే కాలేజీలు చూశారో, ఏ కాంబినేషన్లు ఉన్నాయో ఇక్కడే రాస్తే, వాటిలో ఏది ముందు పెట్టాలో చెబుతాను.